ఉస్తాద్ చెవి ఉంది, కితాబ్ ఏది?

"చదువుకోకపోతే గ్యారేజీలో వేసేస్త, స్పానర్లు పట్టుకుంటవ్." మన ఇళ్ళల్లో పిల్లల్ని బెదిరించడానికి ఈ మాట ఎన్ని తరాల నుంచి వాడుతున్నామో లెక్కలేదు. గ్యారేజీ అంటే సజా, స్కూలు అంటే ఇజ్జత్ అని ఈ ఒక్క మాటతో పిల్లవాడి దిమాగ్‌లో గీత గీసేస్తున్నాం. నేను ఈ మాటకు ఖిలాఫ్‌గా రాస్తున్నాను. గ్యారేజీ పనిని తక్కువ చేసి చూడడం తప్పు. ఆ పనికి చదువు అక్కర్లేదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. సూపర్‌చార్జర్ ఉన్న కారునో, టర్బో కారునో ఇవాళ ట్యూన్ చేయాలంటే కావలసిన హిసాబ్, చదువు, సబర్ చాలా సర్కారీ దఫ్తర్లలో కూడా అవసరం పడవు.

మన ఆదిలాబాద్ సంగతి చూద్దాం. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ పోయే పెద్ద సడక్ మన జిల్లా మీదుగానే పోతుంది. ఇప్పుడు దాన్ని 44 నంబరు జాతీయ రహదారి అంటున్నారు, మన నోట్లో ఇంకా ఏడో నంబరు రోడ్డే. పత్తి సీజన్ వస్తే లారీల బారు. నిర్మల్ వైపు పోతే మహబూబ్ ఘాట్ ఎక్కాలి, దిగాలి. లోడు లారీ ఘాట్‌లో ఆగిపోతే డ్రైవర్‌కు పోయేది డీజిల్ ఒక్కటే కాదు, రోజీ కూడా. అందుకే ఈ సడక్ పొడుగునా మెకానిక్ షెడ్లు వెలిశాయి. వాటి బోర్డుల మీద పేర్లు చదువుకుంటూ పోండి. సగం మనోళ్ళవే.

ఆ షెడ్లలో అందరికంటే ఇజ్జత్ ఉన్న మనిషి పంపు మిస్త్రీ. డీజిల్ ఇంజిన్‌కు గుండెకాయ దాని పంపు. మనం దాన్ని మైకో పంపు అంటాం. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు 2008లో బాష్ అయిపోయింది, కానీ పంపు పేరు మాత్రం మారలేదు. ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ పోవాలి, ఏ క్షణాన పోవాలి అని తేల్చేది ఈ పంపే. పంపు మిస్త్రీ దాన్ని విప్పి, ఎలిమెంట్లు మార్చి, నాజిళ్ళ ప్రెషర్ చూసి, టైమింగ్ కట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని వింటాడు. సైలెన్సర్ వైపు చూస్తాడు. పొగ నల్లగా వస్తే డీజిల్ ఎక్కువైంది, గాలి చాలడం లేదు. తెల్లగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు, టైమింగ్ చూడాలి. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. దానికి లాప్‌టాప్ లేదు, కాగితం లేదు. ముప్ఫై ఏళ్ళ తజుర్బా ఉంది.

ట్యూనింగ్ అంటే ఇదే. ఇది ఏదో అమీరుల పోరలు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న కొత్త మాట కాదు. ఇంజిన్‌లోకి పోయే గాలి, ఇంధనం, దాన్ని అంటించే టైము, ఈ మూడింటి మధ్య మీజాన్ పెట్టడమే ట్యూనింగ్. మన ఉస్తాద్‌లు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది అదే. ఘాట్ ఎక్కడానికి డ్రైవర్ "కొంచెం డీజిల్ ఖోలో భాయ్" అంటే స్క్రూ ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఉస్తాద్. ఆపడం తెలియనివాడి చేతిలో పడ్డ లారీ ఘాట్ ఎక్కుతుంది, నెల తర్వాత పిస్టన్లు పోగొట్టుకుని షెడ్డుకు వస్తుంది.

ఇప్పుడు జమానా మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో డీజిల్ ఎంత పోవాలో స్క్రూ చెప్పదు, ఈసీయూ అనే కంప్యూటర్ చెబుతుంది. అందులో ఉండేది మ్యాప్. మ్యాప్ అంటే మన పిల్లలు స్కూల్లో రాసే ఎక్కాల పట్టికలాంటిదే: ఒక వైపు ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఇంకో వైపు ఎంత బరువు మోస్తోంది, రెండూ కలిసే గడిలో ఎంత ఇంధనం ఇవ్వాలి, ఎప్పుడు అంటించాలి. అలాంటి పట్టికలు ఒక్క కారులో ఎన్నో. ఈ పట్టికలను మార్చడాన్ని రీమ్యాప్ అంటున్నారు. పోరలు "స్టేజ్ వన్" అని ముద్దుగా పిలుచుకుంటున్నారు.

నాకు భయం ఇక్కడే మొదలవుతుంది. పట్టణంలో ఏ టీ హోటల్ దగ్గర కూర్చున్నా నాలుగు పదాలు చెవిన పడతాయి: టర్బో, బూస్ట్, రీమ్యాప్, ఫైల్. ఎక్కడో ఎవడో చేసిన ఫైల్ ఫోన్‌లో వస్తుంది. ఒక కేబుల్, ఒక లాప్‌టాప్ ఉంటే చాలు, అరగంటలో కారులో ఎక్కించేస్తారు. "ఎంత పవర్ పెరుగుద్ది భాయ్?" అని అడిగేవాళ్ళే కానీ, "దేన్ని ఎంత మార్చావు?" అని అడిగేవాళ్ళు లేరు. అడిగినా ఎక్కించినవాడికి తెలియదు. ఇది ట్యూనింగ్ కాదు. పక్క పేషెంట్ చిట్టీ పట్టుకుని మెడికల్ షాపుకు పోవడం.

ఎందుకంటున్నానో కొంచెం ఓపిగ్గా చదవండి. అమ్మీలు, బాజీలు కూడా చదవాలి, ఇందులో వంటింట్లో తెలియని విషయం ఏదీ లేదు.

ఇంజిన్ అంటే ఊపిరి పీల్చే యంత్రం. మామూలు ఇంజిన్ బయట ఉన్న గాలిని తానే పీల్చుకుంటుంది. పొయ్యి బాగా మండాలంటే ఫుంక్నీ పట్టుకుని ఊదుతాం కదా, సూపర్‌చార్జర్ ఆ ఫుంక్నీ. ఇంజిన్ సొంత బెల్టుతోనే తిరిగి, గాలిని నొక్కి సిలిండర్లోకి తోస్తుంది. టర్బో చేసే పనీ అదే, కానీ అది సైలెన్సర్ వైపు పోయే వేడి గ్యాస్ జోరుతో తిరుగుతుంది. ఎక్కువ గాలి పోతే ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు, ఎక్కువ తాకత్ వస్తుంది. సూపర్‌చార్జర్ యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే జవాబిస్తుంది, కానీ తిరగడానికి ఇంజిన్ తాకత్‌నే కొంత తింటుంది. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో రూట్స్ అనే అన్నదమ్ములు గాలి తోసే యంత్రానికి 1860లో పేటెంట్ తీసుకున్నారు. మెర్సిడెస్ 1921 నాటికే సూపర్‌చార్జర్ పెట్టిన కార్లు చూపించింది. మన దేశంలో కూడా డిక్కీ మీద 'కంప్రెసర్' అని రాసున్న మెర్సిడెస్ కార్లు తిరిగాయి. అవి సూపర్‌చార్జర్ కార్లే.

"అలాగైతే పుల్లీ చిన్నది వేసి ఇంకా జోరుగా తిప్పితే ఇంకా పవర్ వస్తుంది కదా?" అని ప్రతి పోరడూ అడుగుతాడు. వస్తుంది. హిసాబ్ వేసి చూద్దాం.

మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ ఒక బార్ అనుకోండి. సూపర్‌చార్జర్ అర బార్ కలిపింది. ప్రెషర్ ఒకటిన్నర రెట్లయింది. యాభై శాతం ఎక్కువ గాలి పోయిందని పోరడు ఖుషీ అవుతాడు. కానీ సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనందరికీ తెలుసు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆదిలాబాద్ ఎండాకాలంలో 40 డిగ్రీల గాలిని అలా నొక్కితే, మామూలు సూపర్‌చార్జర్ నుంచి బయటకు వచ్చేసరికి అది దాదాపు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. ఆ పల్చదనం లెక్క తీసేస్తే నిజంగా ఎక్కువ పోయిన గాలి 26 శాతం దగ్గర ఆగిపోతుంది. యాభై ఎక్కడ, ఇరవై ఆరు ఎక్కడ! మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని 60 డిగ్రీలకు చల్లబరిస్తే 41 శాతం వస్తుంది. మే నెలలో మన దగ్గర 45 దాటుతుంది, డిసెంబర్‌లో చలికి చేతులు కొంకర్లు పోతాయి. అదే కారు, అదే ఫైల్, రెండు నెలల్లో రెండు ఇంజిన్లు. ఎక్కడో చల్లని దేశంలో కూర్చుని చేసిన ఫైల్‌కు మన మే నెల సంగతి ఏం తెలుసు?

ఇక రెండో హిసాబ్. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి కావాలని పుస్తకాల్లో ఉంటుంది. సూపర్‌చార్జర్ ఫుల్ జోరులో ఉన్నప్పుడు మాత్రం తెలిసిన ట్యూనర్ పెట్రోల్ కొంచెం ఎక్కువే ఇస్తాడు, గాలి లెక్క 12 చుట్టుపక్కలకు దించుతాడు. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ వేడిని లాగేస్తుంది, ఇంజిన్‌ను కాపాడుతుంది. అక్కడ పెట్రోల్ తక్కువైతే వేడి పెరిగి పిస్టన్‌కు చిల్లు పడుతుంది. పైగా ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ పూర్తిగా కాలడానికి దాని బరువుకు తొమ్మిది రెట్ల గాలి చాలు. అంటే మన పెట్రోల్‌కు 14.7 లెక్క ఇప్పుడు చెల్లదు, 13.5 దగ్గరకు వచ్చింది. అంత గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ ఒక్క అంకె తెలియనివాడు కారు మ్యాప్ ముట్టుకోకూడదు.

మూడోది నాక్. స్పార్క్ ప్లగ్గు అంటించిన మంట సిలిండర్‌లో ఒక వరుసలో పాకాలి. గాలి మరీ వేడిగా, మరీ నొక్కుకుని ఉంటే, ఆ మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం దానంతట అదే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టక్‌టక్ మంటుంది. పిస్టన్ అంచులు విరుగుతాయి, రింగులు పోతాయి. దీన్ని తట్టుకునే శక్తినే ఆక్టేన్ అంటారు. మన బంకుల్లో ఏళ్ళ తరబడి దొరికింది 91 ఆక్టేన్, యూరప్‌లో 95 మామూలు పెట్రోల్. అక్కడి ఫైల్ ఇక్కడ ఎక్కిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. నాక్ వస్తుంటే తెలిసినవాడు స్పార్క్ టైమింగ్‌ను ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి లాగుతాడు, చల్లగా ఉండే ప్లగ్గులు వేస్తాడు, బూస్ట్ తగ్గిస్తాడు. ఒకసారి ఒక్కటే మారుస్తాడు. మార్చి, నడిపి, లాగ్ చూసి, రాసుకుని, మళ్ళీ మారుస్తాడు. ఒక కారుకు రోజులు పడతాయి. అరగంటలో అయ్యే పని కాదు.

సూపర్‌చార్జర్ ఇంజిన్ తాకత్‌ను ఇంధనం ఎలా ఆపుతుందో, ఎలా వదులుతుందో చెప్పడానికి చరిత్రలో ఒక మిసాల్ ఉంది. దానితో మన హైదరాబాద్ రియాసత్‌కు రిష్తా కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాయుసేనలో 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. నిజాం ఇచ్చిన ఆర్థిక సాయానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని బ్యాడ్జి మీద నిజాం దస్తార్ ఉండేది. 1940లో ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ విమానాలతో యుద్ధం చేసింది. స్పిట్‌ఫైర్‌లో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్, సూపర్‌చార్జర్ ఇంజిన్లలో అంత మషూర్ అయినది ఇంకోటి లేదు. దాని బూస్ట్‌ను మొదట ఆరు పౌండ్ల చిల్లర దగ్గర కట్టేశారు, అంతకు మించితే నాక్ వచ్చేది. 100 ఆక్టేన్ పెట్రోల్ చేతికి వచ్చాక అదే ఇంజిన్‌ను 12 పౌండ్ల దాకా వదిలారు. వెయ్యి హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉన్నది 1,300 దాకా పోయింది. లోహం మారలేదు, పెట్రోల్ మారింది, దానికి తగ్గట్టు మీజాన్ మారింది. అదీ లెక్క తెలిసినవాళ్ళు చేసిన ట్యూనింగ్.

అదే మెర్లిన్‌కు ఇంకో ఐబ్ ఉండేది. విమానం ముక్కు ఒక్కసారి కిందికి వంచితే కార్బురేటర్‌లో పెట్రోల్ అటూ ఇటూ పోయి ఇంజిన్ ఆగినంత పనయ్యేది. వెంటాడే జర్మన్ పైలట్లకు అది వరం. ఆ ఐబ్‌కు 1941లో ఇలాజ్ కనిపెట్టింది ఒక ఔరత్, బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీర్. పెట్రోల్ దారిలో చిన్న చిల్లున్న ఒక బిళ్ళ పెట్టింది, ఇంజిన్‌కు ఎంత పెట్రోల్ ఎక్కువలో ఎక్కువ అవసరమో అంతే పోయేలా ఆ చిల్లు కొలత లెక్కగట్టింది. బిళ్ళ చూస్తే మన షెడ్లో డబ్బాలో దొరికే వాషర్ లాంటిదే. దాని వెనక ఉన్న హిసాబ్ మాత్రం డబ్బాలో దొరకదు. లెక్కల్లో ముందుండే ఆడపిల్లలున్న ఇళ్ళు ఈ పేరు యాద్ పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మన పిల్లల చేతుల్లో హునర్ తక్కువ లేదు. పన్నెండేళ్ళ పోరడు శబ్దం విని బేరింగ్ పోయిందని చెప్పడం మన షెడ్లలో మామూలు. వాడికి లేనిది ఆ అంకెలు చదివే తాలీమ్. స్కానర్ పెడితే స్క్రీన్ మీద ఇంగ్లీషులో పది లైన్లు వస్తాయి. వాడు ఒక్క కోడ్ నంబర్ చూసి, ఫోన్లో ఎవరినో అడిగి, పార్ట్ మార్చేస్తాడు. పార్ట్ బాగానే ఉంది, దాని ముందు పైపు చీలి బూస్ట్ గాలి లీకవుతోంది. గ్రాహక్ వేలు పోగొట్టుకుంటాడు, షెడ్ పేరు పోతుంది, ఆ కారు మళ్ళీ మన దగ్గరకు రాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోతుంది. అక్కడ ఏసీ గదిలో గ్రాఫులు చూసే కుర్రాడు ఐటీఐ పాసో, డిప్లొమా పాసో అయి ఉంటాడు. మన పోరడు అక్కడికి పోతే వాషింగ్ ర్యాంపు మీద నీళ్ళు కొట్టే పని దొరుకుతుంది. ముప్ఫై ఏళ్ళ తజుర్బా ఉన్న ఉస్తాద్ షెడ్డు ముందు స్టూలేసుకుని పాత లారీల కోసం ఎదురుచూస్తున్నాడు. పాత లారీలు ఎన్నేళ్ళు వస్తాయి?

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు రెండు సంగతులు చెప్పింది. ముస్లింలలో నెల జీతం నౌకరీల కంటే సొంత పని చేసుకుని బతికేవాళ్ళే ఎక్కువ. స్కూలు మధ్యలో వదిలేసే పిల్లలూ ఎక్కువ. మనం ఈ రెండింటినీ విడివిడిగా చదివి రెండు సార్లు బాధపడ్డాం. కలిపి చదవాలి. సొంత పని చేసుకునేవాడి దగ్గర ఉన్న ఒకే దౌలత్ వాడి హునర్. ఆ హునర్‌కు ఇప్పుడు చదువు అనే రెండో కాలు వచ్చింది. స్కూలు వదిలినవాడు ఆ కాలు లేకుండా నడవాలి.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది, "ఇల్లు గడవాలి కదా భాయ్, పోరడు రోజుకు ఇన్ని రూపాయలు తెస్తే చాలు." గడవని ఇల్లు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఈ పట్టణంలోనే పెరిగాను. కానీ పదో తరగతి దాకా ఆపితే పోయే కూలీ ఎంత, నలభై ఏళ్ళ పాటు సగం హునర్‌తో బతికితే పోయే రోజీ ఎంత? మన ప్రాంతంలో సర్కారు బడులున్నాయి, 2016 నుంచి మైనారిటీ గురుకులాలున్నాయి. అక్కడ ఫీజు లేదు, తిండి, బస కూడా వాళ్ళదే. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ కోర్సులున్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కూ పోవచ్చు. 2024లో రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త యంత్రాలతో మార్చే పని సర్కారు మొదలుపెట్టింది. అక్కడి సీట్లలో మన పిల్లలు ఎంతమంది కూర్చున్నారో మసీదు కమిటీలు ఒకసారి లెక్క తీయాలి.

రెండోది, "మాది ఉర్దూ మీడియం, ఈ ఇంగ్లీషు మెషీన్లు మాకెక్కడ ఎక్కుతాయి?" నేనూ ఉర్దూ మీడియంలోనే చదివాను, తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. భాష గోడ కాదు, మెట్టు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే సైన్సు చెప్పింది. దానికోసం దారుల్ తర్జుమా పెట్టి వేల కొద్దీ ఇల్మీ పదాలు తయారు చేశారు. ఇంకా వెనక్కి పోతే, 1206లో పూర్తయిన అల్ జజరీ కితాబ్‌లో నీళ్ళు తోడే పంపు ఉంది. గుండ్రంగా తిరిగేదాన్ని ముందుకీ వెనక్కీ పోయే పిస్టన్‌గా మార్చే పద్ధతి దాని నక్షాతో సహా ఉంది. ఆయన దర్బారులో పనిచేసిన కారీగర్. చేతితో చేశాడు, కొలిచాడు, రాశాడు. మన ఉస్తాద్‌లు మొదటి రెండూ చేస్తున్నారు. మూడోది మానేశారు.

మూడోది, "ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి, ఇంజినే ఉండదు, ఇంక ట్యూనింగ్ ఎందుకు?" 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. ఆ కార్లలో పెట్రోల్ లేదు, సైలెన్సర్ లేదు, సూపర్‌చార్జర్ లేదు. కానీ బ్యాటరీలో ఉన్న తాకత్‌ను ఎప్పుడు ఎంత వదలాలి, బ్రేకు వేసినప్పుడు ఎంత తిరిగి తీసుకోవాలి, వేడి ఎంత దాటకూడదు, అంతా మ్యాపే, అంతా హిసాబే. ఇంజిన్ మ్యాప్ చదవడం నేర్చినవాడికి అది కొత్త మొహల్లా, కొత్త దేశం కాదు. స్పానర్ ఒక్కటే తెలిసినవాడికి మాత్రం అక్కడ తలుపే ఉండదు.

నాలుగోది కొంచెం ఇబ్బందిగా అడుగుతారు. "అంటే మా పోరడి కారు రీమ్యాప్ చేయించమంటారా?" వద్దు. రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ స్పెసిఫికేషన్‌కు, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత బండికి అలా ఏదైనా బిగించి మార్చిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా ఖైదు, రెండూ కూడా పడవచ్చు. వారంటీ పోతుంది. ఏదైనా హాద్సా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట వెతికేది ఇలాంటి సాకే. అబ్బా సౌదీలో ఎండకు మాడి పంపిన రియాల్‌తో కొన్న కారు అది, ఇంటి అమానత్. ఆరునెలల ఖుషీ కోసం దాని పిస్టన్ పగలగొట్టుకోవద్దు. రేసు ట్రాక్ మీద మాత్రమే పరిగెత్తే కారు సంగతి వేరు, దానికి వేరే నియమాలున్నాయి.

మరి ట్యూనింగ్ నేర్చుకుని చేసేదేమిటి? బతుకు దొరికేది పవర్ పెంచడంలో కాదు, చెదిరిన మీజాన్‌ను తిరిగి నిలబెట్టడంలో. బూస్ట్ లీక్ పట్టుకోవడం, గాలి కొలిచే సెన్సర్ అబద్ధం చెబుతోందని గ్రాఫ్ చూసి తేల్చడం, మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్‌కు, బీఎస్-6 బండ్ల పొగ ఫిల్టర్‌కు తేడా తెలియడం, నాజిల్ ఒకటి తక్కువ ఇస్తోందని లెక్కతో చూపించడం. సూపర్‌చార్జర్ కార్లు మన జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటాయేమో, టర్బో బండ్లు మాత్రం వీధివీధిన ఉన్నాయి. లారీ, ట్రాక్టర్, బొలెరో, స్కార్పియో. ఆ ఇల్మ్ వీటన్నింటికీ పనికొస్తుంది.

అందుకని కొన్ని ముక్కలు సూటిగా చెబుతాను. తల్లిదండ్రులకు: పదో తరగతి పూర్తయ్యేదాకా పోరడిని పూర్తిగా షెడ్డుకు ఇవ్వకండి. సెలవుల్లో పంపండి, సరదాగా చూసి నేర్చుకోనివ్వండి, కానీ బడి వదిలించకండి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, ఈ మూడూ రేపు వాడి స్పానర్లే.

ఉస్తాద్‌లకు: మీ ఇల్మ్ మీ గుండెలో పెట్టుకుని పోకండి. చాలా షెడ్లలో షాగిర్ద్ ఆరేళ్ళు చాయ్ మోసినా పంపు టైమింగ్ దగ్గరకు వచ్చేసరికి ఉస్తాద్ వీపు తిప్పి కట్టడం నేను చూశాను. నేర్పితే పోటీకి వస్తాడన్న భయం. ఇవాళ మీ పోటీ షాగిర్ద్‌తో కాదు, మీ ఇద్దరూ కలిసి చదవలేని ఆ స్క్రీన్‌తో. గోడకు ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. ఏ బండి, ఏ శబ్దం, ఏం మార్చాం, ఏమైంది. ఉర్దూలో రాయండి, తెలుగులో రాయండి. మీ చెవి విన్నదీ, పోరడి స్కానర్ చూపిందీ పక్కపక్కన రాస్తే అలాంటి కితాబ్ ఏ కంపెనీ దగ్గరా ఉండదు.

షెడ్ల మాలిక్‌లకు: మంచి స్కానర్, ఎగ్జాస్ట్‌లో గాలి-ఇంధనం పాళ్ళు చూపే మీటర్ ఒక్కరికి భారమే. నలుగురు కలిసి కొనండి. షాదీలకు చందాలు వేసుకునే మనకు ఇది కొత్త కాదు.

రిష్తాలు చూసేవాళ్ళకు: లడ్కా మెకానిక్ అనగానే మొహం చిట్లించకండి. "ఎంత దాకా చదివాడు, ఏ బండ్లు చేస్తాడు, లాగ్ చదవగలడా?" అని అడగండి. మెకానిక్ చదువుకోవడం మనకు లెక్కలోకి వస్తుందని తెలిస్తే చదివే మెకానిక్‌లు పెరుగుతారు.

వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. ఎనిమిది, తొమ్మిది పూర్తిచేసిన పోరలు కొందరు జూన్‌లో బడికి తిరిగి వెళ్ళరు, షెడ్లలోనే ఉండిపోతారు. ఈసారి ఆ లెక్క ఒక్కటైనా తగ్గించండి. మీ గల్లీలో అలాంటి పోరడు ఒకడుంటే వాళ్ళ ఇంటికి పోయి మాట్లాడండి. షెడ్ వాడి కోసం ఆగుతుంది. బడి ఆగదు.